రొంటిన దోపిన గవ్వలు

నమోదు 1: పడవలో

సంఘం సొమ్ముతో దేశం దాటేవాళ్ళు ఏ రోజు ఖర్చు ఆ రోజే ఈ పలకలో రాయాలని రూలు. సరే, రాస్తున్నాను. ఈరోజు ఖర్చు, డబ్బు మార్చినందుకు రుసుము. చేతికి అందింది, నాలుగు దండలు. మనసులో ఉన్నది రాయడానికి గడి పెట్టలేదు గానీ నేను ఇక్కడే రాసేస్తాను. చదివి నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోండి.

నేను మంగతాయారుని. రాజోలు దిగువన మా లంకలో పొదుపు సంఘానికి కోశాధికారిని. సముద్రం ఊళ్ళోకి వచ్చి వెళ్ళినప్పటి నుంచి మా కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే మొవ్వు ఎండి పడిపోతున్నాయి. చెట్టు లేని లంకను సర్కారు పటంలోంచి తీసేసి, మమ్మల్ని తీసుకెళ్ళి మెట్ట మీద గూళ్ళలాంటి మిద్దెల్లో పెడుతుంది. ఈ వానలకు కొత్త మొక్క పడకపోతే మా వంతే. ఒలేవా దీవిలో ఉప్పునీళ్ళలో నిలబడి కాసే కొబ్బరి ఉందని, ఆ విత్తనకాయలు తెమ్మని నలభై ఇళ్ళవాళ్ళు సొమ్ము పోగేసి నా చేతిలో పెట్టారు. నా చేతిలోనే. మా ఆయన చేతిలో కాదు.

మా ఆయన చిట్టబ్బాయి మూటలు మోయడానికి వచ్చారు. మంచి మనిషే. కానీ మగవాడి చేతిలో డబ్బు, చిల్లుకుండలో నీళ్ళు. అందుకే పెళ్ళయినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆయన మణికట్టుకున్న డబ్బుల పూసలోకి టీ డబ్బులు నేనే పంపుతాను. ఆయన అడుగుతారు, నేను ఇస్తాను. ఇద్దరికీ అలవాటైపోయింది.

ఒలేవాలో మన పూసలు పనిచెయ్యవు. ఎప్పుడో ఒకసారి లోకంలో పూసలన్నీ ఒక్కరోజు సున్నా చూపించాయి కదా, ఆ రోజే వాళ్ళు తమవి తెంపి సముద్రంలో పారేశారట. వాళ్ళ డబ్బు గవ్వలు. ఉత్త గవ్వలు కావు, లోపల పురుగు బతికున్న గవ్వలు. మెడలో వేసుకున్న మనిషి చెమట, కాస్త వెలుతురు తిని బతుకుతాయి. ఒళ్ళు బాగుంటే నోరు తెరిచి గులాబీరంగు నాలుక చూపిస్తాయి. నోరు తెరిచిన గవ్వే డబ్బు. మూసుకుంటే రాయితో సమానం.

పడవలో డబ్బు మార్చే కుర్రవాడు మా సొమ్మంతా తీసుకుని నాలుగు దండలు ఇచ్చాడు. మూడు కాయలకు, ఒకటి తిండికీ తిరగడానికీ.

"దీవిలో దిగాక మార్చుకుంటే ఎక్కువొస్తాయేమో బాబూ?" అని అడిగాను.

"దిగాక మార్చేవాళ్ళే ఉండరండి. మిగిలినవి వెనక్కి కూడా తీసుకోరు. మెడలో వేసుకోండమ్మా, పైకి కనపడేలాగ. గాలి, వెలుతురు తగలాలి."

డబ్బు పైకి కనపడేలా పెట్టుకోమని చెప్పేవాడు దొంగైనా అయ్యుండాలి, దొంగకు బావమరిదైనా అయ్యుండాలి. తిండి దండ మా ఆయన మెడలో వేశాను, పోతే అదొక్కటే పోతుందని. మిగతా మూడూ గుడ్డసంచిలో కట్టి రొంటిన దోపి, పైన చెంగు బిగించాను. మా అమ్మ డబ్బు దాచింది అక్కడే, వాళ్ళమ్మ దాచింది అక్కడే.

నమోదు 2: ఒలేవా రేవు

దిగగానే మమ్మల్ని ఒకావిడకు అప్పజెప్పారు. పేరు లోసా. కొత్తవాళ్ళ వెంట తిరిగి బేరాలు నేర్పడం ఆవిడ పని. నలభై దాటి ఉంటాయి. భుజాలు చూస్తే ఒంటిచేత్తో పడవ లాగేలా ఉంది. జుట్టులో పువ్వు, మెడలో అయిదు దండల గవ్వలు. అన్నీ నోళ్ళు తెరుచుకుని మనల్నే చూస్తున్నట్టు ఉన్నాయి. మొగుడు ఉన్నాడో లేడో తెలియలేదు. అడిగితే నాకేదో భయమనుకుంటారని అడగలేదు.

మాట తెలియడానికి వాళ్ళకున్నట్టే మా ఇద్దరి చెవుల్లోనూ దుబాసీ గింజ పెట్టారు. నా ఖర్మ కొద్దీ నా గింజలో లోసా మాట ముసలి పంతులు గొంతుతో, గ్రాంథికంలో వినపడుతుంది.

"అమ్మా, తమరి ద్రవ్యమును ఎచ్చట ధరించితిరి?" అంది.

"భద్రంగానే ఉంది" అన్నాను.

మా ఆయన గింజలో ఎలా వినపడుతోందని అడిగితే, "బానే ఉంది మంగా, మన రేడియోలో పాటలు పరిచయం చేసే అమ్మాయి గొంతు లాగుంది" అన్నారు. గింజలు మార్చుకుందామన్నాను. చెవి కొలతలు వేరని మార్చనివ్వలేదు.

రేవులో సీమపనస కాయలు కాల్చి అమ్ముతున్నారు. నాకు ఆకలిగా ఉంది. సంచిలోంచి ఒక గవ్వ తీసి ఇచ్చాను. అమ్మేవాడు వేలితో దాన్ని రుద్దాడు. అది బిగించుకుని ఉంది. తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేశాడు. ఇంకోటి తీశాను, అదీ అంతే. వెనక జనం చేరారు. అప్పుడు మా ఆయన తన దండ ముందుకు చాపారు. బాబోయ్, ఒక్కటి కాదు, వరసంతా నోళ్ళు తెరిచాయి! అమ్మేవాడు నవ్వి ఒక గవ్వ తెంపుకుని రెండు ముక్కలు ఇచ్చాడు.

ఆయన డబ్బుతో నేను తిన్న మొదటి తిండి అదే. రుచిగానే ఉంది.

నమోదు 3: ఒలేవా

ఇక్కడ డబ్బు సంగతులు కొన్ని రాస్తున్నాను, తరవాత వచ్చేవాళ్ళకు పనికొస్తాయి. బక్షీసు ఇవ్వకూడదు, ఇస్తే మొహం తిప్పుకుంటారు. బేరం ఆడొచ్చు, కానీ నవ్వుతూ ఆడాలి, నవ్వు ఆగితే బేరం చెడినట్టే. చిల్లర అన్న మాటే లేదు. మనం ఎక్కువ ఇస్తే మిగిలినదానికి వాళ్ళకు తోచింది ఇస్తారు. చేప, చాప, ఏదైనా. ఇవాళ చేపలామె దగ్గర చేప అయిపోయిందట, చిల్లరకు బదులు ఒక పాట పాడింది.

అక్కడితో ఊరుకోవచ్చుగా. మా ఆయన తిరిగి పాడారు! వరి కోతల పాట. మా ఇంట్లో ఆయన గొంతెత్తి పాడగా నేను ఒక్కనాడూ వినలేదు. సంత సంతంతా తాళం వేసింది. లోసా అయితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

"ఏవండీ, ఎప్పుడు నేర్చారు ఆ పాట?" అన్నాను బసకు వచ్చాక.

"ఎప్పుడో చిన్నప్పుడు మంగా. నువ్వెప్పుడూ అడగలేదు కదా."

"అడిగితేనే పాడతారేంటి? ఆవిడ అడిగిందా?"

"ఆవిడ అడగలేదు. ఊరికే వచ్చేసింది."

ఊరికే వచ్చేసిందట. నాకు నిద్ర కూడా ఊరికే పోయింది.

సాయంత్రం ఇంకో ఘోరం. లోసా ఉన్నట్టుండి ఆయన మెడ దగ్గరికి వంగింది. నేను మధ్యలోకి వెళ్ళేలోపే దండ పైకెత్తి చూపించింది. దారం కింద ఆవగింజలంత పిల్లగవ్వలు. ఈయన మెడలో డబ్బు పిల్లలు పెట్టింది! వచ్చి ఎన్నాళ్ళయిందని? "పురుషుని దేహమున శాంతమున్నది" అని పంతులు గొంతుతో చెప్పింది. శాంతమట. కష్టం తెలిస్తే కదా అశాంతి ఉండడానికి. తోటకూర కొనడం దగ్గర నుంచి సంఘం వడ్డీల దాకా నేను మోస్తే, శాంతం ఈయనకు వచ్చింది.

అసూయేనా అంటారా? అసూయే. కప్పిపుచ్చుకోవాల్సిన అవసరం నాకేం లేదు. నా మొగుడి మెడ దగ్గరికి పరాయి ఆడది వంగితే ఒకటి, నా చేతిలో నోరు తెరవని డబ్బు ఆయన మెడలో కాపురం పెట్టి పిల్లల్ని కంటే ఇంకొకటి. రెంటిలో ఏది ఎక్కువ మండుతోందో నాకే తెలియడం లేదు. లోసా రోజూ అదే ప్రశ్న, మీ గవ్వలు ఎక్కడున్నాయని. అడిగిన కొద్దీ నేను చెంగు ఇంకో చుట్టు బిగిస్తున్నాను.

నమోదు 4: తోట

ఇవాళ తోట చూశాను. చూస్తూ అక్కడే నిలబడిపోయాను. పోటు మీద సముద్రం మొదళ్ళ దాకా వచ్చి కొడుతుంటే, చెట్లు నిండా గెలలతో ఊగుతున్నాయి. మా లంక కళ్ళ ముందు మెదిలి ఏడుపొచ్చింది. తోట తావిలి అనే ముసలావిడది. ధర ముందే కుదిరింది, మూడు దండలకు నలభై ఇళ్ళకూ సరిపడా విత్తనకాయలు. కాయలు అప్పటికే కుప్ప పోసి, పీచు మీద మొలక కనపడేలా పేర్చి ఉంచింది. పడవ ఎల్లుండి.

"ద్రవ్యము" అంది తావిలి. చాప పరిచింది.

రొంటి నుంచి సంచి తీశాను. ముడి విప్పానో లేదో, వాసన గుప్పుమంది. ఎండురొయ్యల గోతంలో నీళ్ళు పడితే వచ్చే వాసన. ఒక్క గవ్వా మూసుకుని లేదు, తెరుచుకునీ లేదు. నోళ్ళు వేలాడేసి, లోపల నల్లగా ఉన్నాయి. మూడు దండలూ అంతే. నలభై ఇళ్ళ సొమ్ము.

చాప చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ నిమిషంలో నాకు తోచింది ఒక్కటే.

"ఇదే చేసింది!" అని లోసా మీద వేలు పెట్టి అరిచాను. "రోజూ ఎక్కడున్నాయి, ఎక్కడున్నాయి అని అడిగింది. మార్చేసిందో, మందు పెట్టిందో! నా మొగుడి మీద కన్నేసింది, నా డబ్బు మీద కన్నేసింది!"

నా మాటలు వాళ్ళ భాషలో ఎలా వినపడ్డాయో తెలియదు. లోసా కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే నాకు బాగుండేది. నా నడుము వైపు చూసింది. చెంగు తడిసి మరక కట్టి ఉంది.

"తప్పు మంగా" అన్నారు మా ఆయన. మెల్లగానే అన్నారు. "ఆవిడ అడిగింది అవి చస్తాయనే. నాకు చెప్పింది."

"మీకు చెప్పిందా? మీకు చెబితే మీరు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. డబ్బుల విషయంలో నువ్వు నా మాటెప్పుడు విన్నావు?"

అందరి ముందూ అన్నారు. కాయల కుప్ప వైపు చూస్తూ కూర్చున్నాను.

నమోదు 5: ఒలేవా

ఇక్కడ చచ్చిన డబ్బును పారెయ్యకూడదట. పూడ్చాలి. పూడ్చేటప్పుడు పోగొట్టినవాళ్ళు దగ్గరి చుట్టంలాగా ముందు కూర్చోవాలి. పొద్దున్నే ఊరు ఊరంతా తీరానికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. మా ఊళ్ళో అయితే ఈపాటికి మూడు వీధులు నవ్వేవి. ఇసకలో గుంట తీసి మూడు దండలూ పెట్టి ఆకు కప్పారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మా సంఘంలో అనసూయమ్మ కోడలు ఈ సొమ్ము కోసం తాకట్టు పెట్టిన గాజులు ఆ గుంటలోనే ఉన్నాయనిపించింది. లోసా వచ్చి నా పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేయమని అనలేదు. తీసేస్తే బాగుండునని మాత్రం ఉంది.

తరవాత తావిలి మా ఇద్దరినీ పిలిచింది. మా ఆయన మెడలో దండను వేళ్ళతో తడిమి చూసింది. పిల్లగవ్వలు అప్పుడే శనగగింజలంత అయ్యాయి.

"ఈ కంఠము ఇచ్చట ఉండవలెను" అంది. కాయలన్నీ ఇప్పుడే ఇచ్చేస్తుందట. ఈ దండ పెరిగి మూడు దండలయ్యేదాకా ఆ మనిషి ఇక్కడ ఉండాలి. తోటలో పని చెయ్యాలి. మళ్ళీ ఏడాది వానల దాకా పట్టొచ్చు.

"నేనుంటాను" అన్నాను వెంటనే. "పోగొట్టింది నేను. ఆ దండ నా మెడలో వెయ్యండి."

వేశారు. మొదట చివరి గవ్వ మూసుకుంది. తరవాత దాని పక్కది. వరసగా, ఒక్కొక్కటే, దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్టు నా గొంతు దాకా మూసుకున్నాయి. ఎందుకని అడిగాను. వాటికి అలవాటు కావాలి, కొందరికి నెలలు పడుతుంది అంది లోసా. పడవ రేపు. లోసా నా మెడలోంచి దండ తీసి, తన చేత్తో, తన రెండు చేతులతో, మా ఆయన మెడలో వేసింది. నేను చూస్తుండగానే అన్నీ తెరుచుకున్నాయి.

"ఉంటాలే మంగా" అన్నారు ఆయన. "ఎంతలే, ఓ ఏడాదే కదా. ఆయ్, నువ్వెళ్ళి మొక్కలు నాటించు."

కిళ్ళీకొట్టు దాకా వెళ్ళొస్తానన్నట్టు అన్నారు. ఆయన మొహంలో దిగులు వెతికాను. ఉంది, కొంచెం ఉంది, లేదనను. దాని వెనకాల ఇంకేదో కూడా ఉంది. మా పెళ్ళినాడు పీటల మీద కూడా నేను చూడని కళ అది. ఆ మనిషి ఒక ఏడాది పాటు ఎవరినీ టీ డబ్బులు అడగక్కర్లేదు.

కాయలొద్దు, ఏమీ వద్దు, పదండి పడవెక్కుదాం అనబోయాను. నోటి చివరి దాకా వచ్చింది. కోశాధికారిని కాకపోతే అనేసేదాన్నే. నలభై ఇళ్ళు ఒకవైపు, నా ఇల్లు ఒకవైపు. "సరే" అన్నాను. ఆ మాటకు దుబాసీ తర్జుమా అక్కర్లేకపోయింది, అందరికీ అర్థమైంది.

ఎక్కేముందు రేవులో ఆయనకు అన్ని జాగ్రత్తలూ చెప్పాను. ఉప్పుచేప ఎక్కువ తినొద్దు, తడిబట్టలతో ఉండొద్దు, దండ చూపించమని అడిగిన వాళ్ళందరి ముందూ మెడ వంచొద్దు. అన్నింటికీ తల ఊపారు. చివరిదానికి నవ్వారు.

నమోదు 6: మా లంక

కాయలు దిగాయి. నాటాము. ఉప్పు పేరిన చోట్లే ముందు నాటాము. నెల తిరిగేసరికి ఆకు విచ్చింది. సర్కారు మనిషి వచ్చి కొలత తీసుకుని, లంకను ఈ ఏడాదికి పటంలో ఉంచుతున్నామని కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఊళ్ళో డప్పులు.

నాకు పూలదండ వేస్తారనుకున్నాను. వేశారు. కానీ మాటలన్నీ ఆయన గురించే. "ఎంత త్యాగం చేశాడే చిట్టబ్బాయి! ఊరికోసం అంత దూరంలో ఒంటరిగా ఉండిపోయాడు!" అని అనసూయమ్మ కళ్ళు ఒత్తుకుంది. మొక్కలకు చిట్టబ్బాయి కొబ్బరి అని పేరు పెట్టారు. చిన్నపిల్లలు కూడా చిట్టబ్బాయి కొబ్బరికి నీళ్ళు పోస్తామని బిందెలతో తిరుగుతున్నారు. కాయలు మోసింది నేను. పడవలో వాంతులు చేసుకుంటూ మొలకలకు తడిగుడ్డ మార్చింది నేను. మూడు దండలు చంపింది కూడా నేనే అనుకోండి, అది ఉన్నదున్నట్టు సంఘం ముందు చెప్పాను. "పోనీలేవే, డబ్బు దాచుకోవడం తప్పా" అన్నారు. అదొక్కటే నా వైపు మాట్లాడిన మాట.

ఒంటరిగా ఉన్నాడట! ఎవరన్నారు ఒంటరిగా ఉన్నాడని?

పొద్దున్నే లేవగానే వేలు దానంతట అది మణికట్టు మీదికి పోతోంది, ఆయనకు టీ డబ్బులు పంపడానికి. పంపితే ఎవరూ లేరని చూపిస్తోంది.

నమోదు 7: మా లంక

ఏడాది దాటాక ఇవాళ పడవవాడు ఆయన మాటలు పట్టిన గొంతు డబ్బీ తెచ్చి ఇచ్చాడు. తలుపు వేసుకుని విన్నాను.

"మంగా, నేనే. బానే ఉన్నాను. మూడు దండలు అయ్యాయి, తావిలికి ఇచ్చేశాను. బాకీ లేదు. ఇంకో రెండు దండలు నావే, సొంతం. తోట పక్కన ఇల్లు కట్టుకున్నా, చిన్నదే. మొన్న సంతలో నీ కోసం చాప కొన్నాను, మంచి చాప. ఇంకేంటంటే మంగా... వస్తాను, రానని కాదు. కానీ నువ్వే రాకూడదూ? ఇక్కడ నీకేం ఇబ్బంది ఉండదు. రోజూ పొద్దున్న నీకు డబ్బులు నేనిస్తాను."

వెనకాల ఎవరో నవ్వారు. ఆడగొంతు. డబ్బీలో దుబాసీ లేదు కాబట్టి లోసా అసలు గొంతు మొదటిసారి విన్నాను. బాగుంది. పాటలు పరిచయం చేసే అమ్మాయికన్నా బాగుంది.

నాకు ఈయన డబ్బులిస్తాడట! పొద్దున్నే చెయ్యి చాపి నిలబడాలి కాబోలు నేను! డబ్బీ గోడకేసి కొడదామనుకున్నాను. కొట్టకుండా మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను. "వస్తాను, రానని కాదు" అన్న దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గింది. నవ్విన దగ్గర ఆవిడ గొంతు చాలా దగ్గరగా ఉంది. ఎంత దగ్గరగా ఉంటే డబ్బీలో అలా పడుతుందో చెంబు అడ్డం పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి, రకరకాలుగా నవ్వి చూశాను. పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు.

సాయంత్రం అనసూయమ్మ ఇంటికి వెళ్ళి సంఘం పెట్టె, తాళంచెవులు ఆవిడ కోడలికి అప్పజెప్పాను. లెక్క సరిపోయింది. ఎక్కడికే అంటే ఊరెళ్తున్నానన్నాను. ఎన్నాళ్ళకని అడిగింది. చెప్పలేదు, నాకూ తెలియదు.

ఇది సంఘం పని కాదు, కాబట్టి ఈ ఖర్చు ఇక్కడ రాయకూడదు. అయినా రాస్తున్నాను. ఒలేవాకు టిక్కెట్టు ఒకటి, నా సొంత సొమ్ముతో కొన్నాను. తిరుగు టిక్కెట్టు ధర కూడా అడిగాను. కొనలేదు.